తుపాకీని ముందు చూసింది ఆమే

కెనడాలో తుపాకుల చట్టం గురించి ఏ చర్చ మొదలైనా తొందరగానే ఒక ప్రశ్న దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. ఆ తుపాకీ లైసెన్సు వున్నదా, లేక సరిహద్దు దాటి దొంగతనంగా వచ్చిందా? చట్టాన్ని బిగించాలనే వాళ్ళు మొదటిదాని గురించి మాట్లాడతారు. "శిక్షణ తీసుకుని, పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకున్న మమ్మల్నెందుకు వేధిస్తారు? అమెరికా నుంచి వస్తున్న దొంగ తుపాకుల్ని ఆపండి" అనే వాళ్ళు రెండోదాని గురించి మాట్లాడతారు. ముప్ఫై ఏళ్ళకి పైగా ఈ వాదన ఇలాగే నడుస్తోంది. పార్లమెంటులో ప్రభుత్వాలు మారినప్పుడల్లా చట్టం కాసేపు అటూ కాసేపు ఇటూ ఒరుగుతోంది.

ఈ రెండు పక్షాల మధ్యా ఒక మనిషి కనబడకుండా పోతోంది. తుపాకీ ఇంట్లోకి రావడం చూసిన ఆడమనిషి. అది లైసెన్సుదైనా దొంగదైనా ఏ బీరువాలో వుంటుందో, ఏ రోజు బయటికి వస్తుందో ఆమెకి తెలుసు. తుపాకీకి కాగితాలున్నాయో లేదో పోలీసులు చూడకముందే, అది ఎవరి కోసం ఇంట్లో వుందో ఆమెకి అర్థమై వుంటుంది. చట్టం, శిక్షణ పుస్తకం, సినిమా, విచారణ నివేదిక - ఇవన్నీ పాఠ్యాలే అనుకుంటే, వీటిలో ఆ మనిషి ఎక్కడుంది, ఆమె మాటకి ఎంత విలువ ఇచ్చారు అన్నదే ఈ వ్యాసంలో నేను వేసుకున్న ప్రశ్న.

నేను న్యాయశాస్త్రం చదివినదాన్ని కాదు. సాహిత్యంలో, ముఖ్యంగా స్త్రీల సాక్ష్య కథనాల మీద పరిశోధన చేసినదాన్ని. ఆయుధం గురించి స్త్రీలు చెప్పేది వేరుగా వుంటుందని మనకి మొదట గట్టిగా చెప్పిన పుస్తకం స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటల్ని సేకరించిన ఆ పుస్తకం, పోరాటాన్ని కేవలం ఆయుధాల లెక్కగా, దళాల కదలికలుగా చదవడం ఎంత అసంపూర్ణమో చూపించింది. ఎవరు ఎవరికి అన్నం పెట్టారు, ఎవరు ఎవర్ని దాచారు, పోరాటం అయిపోయాక ఎవర్ని ఇంటికి పొమ్మన్నారు అన్నవి కూడా చరిత్రేనని నేర్పింది. ఆ చదువుతోనే నేను కెనడా పాఠ్యాల దగ్గరికి వెళ్ళాను. సందర్భం పూర్తిగా వేరు. అక్కడ తుపాకీ పట్టింది ఉద్యమం కాదు, ఇంట్లో మగవాడు. కానీ సాక్ష్యం చెప్పిన స్త్రీని ఎలా వినాలి అన్న సమస్య మాత్రం అదే.

కెనడాలో ఈ కథ 1989 డిసెంబరు 6న మొదలైందని చెప్పుకుంటారు. ఆ సాయంత్రం మాంట్రియల్‌లోని ఎకోల్ పాలిటెక్నిక్ ఇంజనీరింగ్ కళాశాలలో ఒక మగవాడు తరగతి గదిలోకి వచ్చి, ఆడపిల్లల్నీ మగపిల్లల్నీ విడదీసి, మగపిల్లల్ని బయటికి పంపేశాడు. తను ఫెమినిస్టుల్ని ద్వేషిస్తున్నానని చెప్పి కాల్చాడు. ఆ రోజు అతని చేతిలో చనిపోయిన 14 మందీ స్త్రీలే. వాళ్ళలో 12 మంది ఇంజనీరింగ్ విద్యార్థినులు, ఒకరు నర్సింగ్ విద్యార్థిని, ఒకరు కళాశాల ఉద్యోగిని. అతని దగ్గరున్న రూగర్ మినీ-14 రైఫిల్ దొంగది కాదు. చిన్న జంతువుల వేటకని చెప్పి, కాగితాలన్నీ సరిగ్గా చూపించి, దుకాణంలో కొన్నది.

తర్వాత జరిగింది మాటల యుద్ధం. హంతకుడు తన ఉద్దేశాన్ని అంత విడమరిచి చెప్పినా, చాలా పత్రికలు దాన్ని ఒక పిచ్చివాడి చర్యగా రాశాయి. ఇది స్త్రీల మీద దాడి అన్నవాళ్ళని, శవాల మీద రాజకీయం చేస్తున్నారని కసిరారు. అతను రాసిపెట్టిన ఉత్తరాన్ని పోలీసులు బయటపెట్టలేదు. దాదాపు ఏడాది తర్వాత 1990 నవంబరులో 'లా ప్రెస్' పత్రిక దాన్ని అచ్చు వేసింది. తన జీవితాన్ని ఫెమినిస్టులు పాడుచేశారన్న ఆరోపణ, చంపాలనుకున్న 19 మంది స్త్రీల పేర్ల జాబితా అందులో వున్నాయి. ఆ జాబితాలో తన పేరు కూడా వున్న పాత్రికేయురాలు ఫ్రాన్సీన్ పెల్తియే పట్టు విడవకపోవడం వల్లే అది వెలుగు చూసింది. అదే ఏడాది లూయీస్ మలెత్, మరీ షలూ సంపాదకత్వంలో ఆ ఘటన మీద స్త్రీల రచనల సంకలనం వచ్చింది. నోరు మూసుకోమన్నప్పుడు రాసిన రాతలు అవి.

ఆ స్త్రీలు అప్పుడే అన్న మాట నగరం నోటి నుంచి రావడానికి 30 ఏళ్ళు పట్టింది. మాంట్రియల్‌లో ఆ 14 మంది పేర్లతో ఒక స్మారక స్థలం వుంది. అక్కడి ఫలకం మీద మొదట్లో దాన్ని విషాద ఘటనగా రాశారు. 2019లో ఫలకం మార్చి, స్త్రీవాద వ్యతిరేక దాడిలో హత్యకి గురైన 14 మంది స్త్రీలు అని స్పష్టంగా రాశారు. విషాదం అంటే వరదలా, భూకంపంలా వచ్చిపడేది. దాడి అంటే చేసినవాడు ఒకడుంటాడు, వాడికో కారణం వుంటుంది.

తెలుగులో ఈ తేడా మనకి క్రియాపదంలోనే వుంది. 'తుపాకీ పేలింది' అంటాం. 'తుపాకీ పేల్చాడు' అంటాం. మొదటి వాక్యంలో కర్త తుపాకీ. రెండో వాక్యంలో కర్త మగవాడు. మన దినపత్రికల్లో తరచుగా కనిపించే 'మిస్‌ఫైర్' అన్న మాట మొదటి వాక్యాన్ని ఇంకా శుభ్రం చేసి పెడుతుంది. కొన్నిసార్లు అది నిజంగా ప్రమాదమే కావచ్చు. కానీ ప్రమాదమని ఎవరు చెప్పారు, ఆ ఇంట్లో ఇంకెవర్ని అడిగారు అన్నది వార్తలో వుండదు. పేలింది, పేల్చాడు - ఈ రెండు క్రియల్నీ దగ్గర పెట్టుకుని మిగిలిన పాఠ్యాల్ని చదువుతాను.

పాలిటెక్నిక్ మీద డెనీ విల్‌నెవ్ 2009లో తీసిన నలుపు తెలుపు సినిమా పేరు కూడా 'పాలిటెక్నిక్' అనే. హంతకుడికి ఆ సినిమాలో పేరు లేదు. రక్తాన్ని రంగుల్లో చూపించి ప్రేక్షకుడిని రెచ్చగొట్టే ప్రయత్నమూ లేదు. అన్నిటికన్నా నాకు నచ్చింది వాలెరీ అనే అమ్మాయి శిక్షణ ఉద్యోగం కోసం ఇంటర్వ్యూకి వెళ్ళిన సన్నివేశం. మెకానికల్ ఇంజనీరింగ్ కుటుంబం కావాలనుకునే ఆడవాళ్ళకి కుదరదన్నట్టుగా అధికారి మర్యాదగానే మాట్లాడతాడు. పిల్లల్ని కనే ఉద్దేశం లేదని ఆమె చెప్పాల్సి వస్తుంది. తుపాకీ లోపలికి రాకముందే ఆ కళాశాలలో ఆడపిల్ల చోటు ఎంత ఇరుకో ఆ కొద్ది నిమిషాల్లో తెలిసిపోతుంది.

అయితే సినిమా మధ్యలో బరువు మరోవైపు జరుగుతుంది. తరగతిలోంచి బయటికి వెళ్ళిన జాన్-ఫ్రాంస్వా అనే మగ విద్యార్థి పశ్చాత్తాపం కథని ఆక్రమిస్తుంది. అతను వెనక్కి పరిగెత్తడం, గాయపడినవాళ్ళకి సాయం చెయ్యాలని చూడటం, ఆ తర్వాత కుంగిపోయి ప్రాణం తీసుకోవడం చాలా శ్రద్ధగా తీశారు. ఆ బాధ అబద్ధమని నేననడం లేదు. మగవాళ్ళు ఎందుకు ఆపలేదు అన్న ప్రశ్న ఆ రోజుల్లో నిజంగానే చాలామందిని పీడించింది. కానీ ఆ ప్రశ్న కూడా స్త్రీని మళ్ళీ రక్షించాల్సిన వస్తువుగానే నిలబెడుతుంది. ప్రాణాలతో మిగిలిన వాలెరీ సినిమా చివర్లో గర్భవతిగా కనిపిస్తుంది, పుట్టబోయే బిడ్డకి ఏం నేర్పాలో ఆలోచిస్తుంది. నిజ జీవితంలో ప్రాణాలతో మిగిలిన స్త్రీలలో కొందరు ఇంకో పని చేశారు. ఆ రోజు కళాశాలలో వున్న విద్యార్థిని హైదీ రాట్‌యెన్ ఇంజనీరు ఉద్యోగం వదిలిపెట్టి, తుపాకుల నియంత్రణ ఉద్యమంలో ఏళ్ళ తరబడి పనిచేసింది. వెండీ కూకియేతో కలిసి సంస్థ కట్టి, సంతకాలు సేకరించి, మంత్రుల గదుల ముందు కూర్చుని చట్టం తెప్పించిన వాళ్ళలో ఒకరైంది. ఆ అనుభవాన్ని షార్ల్ మోంపెతీతో కలిసి పుస్తకంగా రాసింది కూడా. మాతృత్వంతో ముగిసే కథ సినిమాకి దొరికింది. చట్టం రాయించిన స్త్రీ కథకి మాత్రం సినిమాలో చోటు దొరకలేదు.

ఆ ఉద్యమం ఫలితంగా 1991లో సి-17 చట్టం వచ్చింది. లైసెన్సుకి ముందు భద్రతా శిక్షణ, 28 రోజుల నిరీక్షణ అందులోంచి వచ్చినవే. 1995లో వచ్చిన తుపాకుల చట్టం రైఫిళ్ళతో సహా అన్ని తుపాకుల్నీ నమోదు చెయ్యాలంది. రైఫిళ్ళ నమోదుని 2012లో రద్దు చేశారు. రైతుల్నీ వేటగాళ్ళనీ నేరస్తుల్లా చూస్తున్నారన్నది రద్దు చేసినవాళ్ళ ప్రధాన వాదన. ఆ రైతు ఇంట్లో, ఆ వేటగాడి ఇంట్లో వుండే స్త్రీకి ఆ నమోదు ఏ రకంగా ఉపయోగమో ఆశ్రయ గృహాలు నడిపేవాళ్ళు చెప్పారు. భర్త దగ్గర ఎన్ని తుపాకులున్నాయో పోలీసులకి కాగితం మీద తెలిస్తే, వాటిని తీసేసుకోమని అడిగేటప్పుడు ఆమె ఒక్కతే సాక్షిగా నిలబడక్కర్లేదు. ఆ మాట చర్చలో నిలవలేదు.

రద్దు కాకుండా మిగిలింది శిక్షణ. కనీసం ఎనిమిది గంటల తరగతి, రాత పరీక్ష, చేతుల్లో తుపాకీ పెట్టి చేయించే పరీక్ష. రెండిట్లోనూ 80 శాతం రావాలి. ఆ పాఠానికి వెన్నెముక నాలుగు సూత్రాలు. ప్రతి తుపాకీలోనూ గుండు వుందనే అనుకో. గొట్టపు మూతి ఎప్పుడూ ప్రమాదం లేని వైపే వుంచు. ట్రిగ్గర్ మీద, ట్రిగ్గర్ చుట్టూ వుండే కమ్మీ లోపల వేలు పెట్టకు. గుండు లేదని కళ్ళతో చూసి రూఢి చేసుకో. తుపాకీని ఖాళీ చేసి, తాళం వేసి దాచాలన్న నియమాలు వీటికి తోడు.

ఇవి మంచి సూత్రాలు. పిల్లల చేతికి తుపాకీ చిక్కకుండా, శుభ్రం చేస్తుంటే పేలకుండా ఇవి ఎన్నో ప్రాణాలు కాపాడి వుంటాయి. కెనడాలో తుపాకీ చావుల్లో ఎక్కువ భాగం ఆత్మహత్యలే కాబట్టి, తాళం వేసిన పెట్టె కూడా ప్రాణాన్ని నిలబెట్టగలదు. కానీ ఒక పాఠ్యంగా చదివితే ఈ నాలుగు సూత్రాలూ 'పేలింది' అన్న క్రియకి సంబంధించినవే. వీటిలోని 'నువ్వు' మంచివాడు, జాగ్రత్త చాలని మంచివాడు అంతే. ప్రమాదం లేని వైపు అంటే ఎటువైపు అని అడిగితే, ఎవరి ఇంట్లో అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. ఖాళీ తుపాకీని బల్ల మీద పెట్టి, నోరెత్తకుండా భోజనం చేసే మగవాడు నాలుగు సూత్రాల్లో ఒక్కదాన్నీ మీరలేదు. ఆ బల్లకి అవతల కూర్చున్న మనిషి భద్రత ఈ శిక్షణ పరిధిలో లేదు.

ఆమె పరిధిలోకి వచ్చేది దరఖాస్తు ఫారంలో. గత రెండేళ్ళలో విడాకులు, విడిపోవడం జరిగాయా, హింస ఆరోపణలున్నాయా అన్న ప్రశ్నలు అందులో వుంటాయి. భార్య లేదా సహజీవనంలో వున్న భాగస్వామి, రెండేళ్ళలోపు విడిపోయినవాళ్ళు కూడా, ఆ ఫారం మీద సంతకం పెట్టాలి. పెట్టకపోతే దరఖాస్తు ఆగిపోదు. అధికారులు ఆమెకి విషయం తెలియజేస్తారు. భయముంటే ఫోన్ చెయ్యమని కూడా ఫారంలోనే రాసి వుంటుంది. 1989 తర్వాత స్త్రీలు సాధించుకున్న వాటిలో నేను చాలా విలువైనదిగా భావించేది ఈ సంతకం గడి. రాజ్యం మొదటిసారి తుపాకీని ముందు చూసే మనిషిని పేరు పెట్టి పిలిచింది.

దాని పరిమితి కూడా నాకు అక్కడి మనిషి ద్వారానే తెలిసింది. కెనడాలో స్థిరపడిన మా పిన్ని కూతురు కొన్నేళ్ళ కింద ఫోన్ చేసింది. వాళ్ళాయన ఆఫీసులో స్నేహితులతో వేటకి వెళ్ళాలని లైసెన్సుకి దరఖాస్తు పెడుతున్నాడట.

"అక్కా, ఇక్కడ నా సంతకం ఎందుకు అడుగుతున్నారు?" అంది. నాకు తెలిసింది చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "నేను పెట్టకపోతే?" అంది.

"నీకు ఫోన్ చేసి అడుగుతారట."

"అప్పుడు ఆయన పక్కనే వుంటాడు కదక్కా. అయినా ఆయనకేం, మంచివాడే. వూరికే అడిగాను."

ఆమె సంతకం పెట్టింది. మరిదిగారు మంచివాడే, నేనూ అదే అంటాను. కానీ ఆ 'వూరికే' అన్న మాట నాతో వుండిపోయింది. భర్త వీసా మీద వెళ్ళి, అతని జీతం మీద, అతని స్నేహితుల మధ్య బతుకుతున్న మన అమ్మాయిలు ఎంతమందో. అక్కడ ఆ గడిలో సంతకం పెట్టకుండా వదిలెయ్యడానికి ఏమేం కావాలి? వెళ్ళడానికి ఒక చోటు, చేతిలో కొంత డబ్బు, వినే అధికారి, నమ్మే పుట్టిల్లు. ఫారం సంతకం అడుగుతుంది. ఇవన్నీ ఆమెకి వున్నాయని అనుకునే అడుగుతుంది.

ఇక సరిహద్దు. 2020 ఏప్రిల్ 18 రాత్రి నోవా స్కోషియా రాష్ట్రంలోని పోర్టపీక్ అనే చిన్న వూళ్ళో ఒక మగవాడు తనతో సహజీవనం చేస్తున్న స్త్రీని కొట్టి, బంధించాడు. ఆమె తప్పించుకుని రాత్రంతా అడవిలో దాక్కుంది. అతను పోలీసు కారులా తయారుచేసుకున్న కారులో, పోలీసు దుస్తుల్లో తిరుగుతూ మర్నాటి దాకా 22 మందిని చంపాడు. కెనడా చరిత్రలో ఇంత పెద్ద సామూహిక కాల్పుల ఘటన లేదు. అతనికి లైసెన్సు లేదు. అతను ఏ తరగతికీ వెళ్ళలేదు, ఏ ఫారం మీదా ఎవరి సంతకమూ అడగలేదు. అతని దగ్గరున్న తుపాకుల్లో మూడు అమెరికాలోని మెయిన్ రాష్ట్రం నుంచి వచ్చాయి. ఒకటి చనిపోయిన పరిచయస్తుడి ఆస్తిలోంచి కెనడాలోనే అక్రమంగా సంపాదించింది. ఇంకొకటి తను చంపిన పోలీసు అధికారిణి దగ్గర్నుంచి లాక్కున్నది.

మెయిన్‌లో తెచ్చిన రైఫిల్, హౌల్టన్ అనే సరిహద్దు పట్నంలో జరిగిన తుపాకుల ప్రదర్శనలో మరొకరి ద్వారా దొరికింది. అప్పట్లో ఆ రాష్ట్రంలో ప్రైవేటు వ్యక్తులు అమ్మే తుపాకులకి కొనేవాడి పూర్వాపరాలు చూడాల్సిన పని లేదు. లూయిస్టన్‌లో 2023 అక్టోబరులో 18 మంది చనిపోయాక గానీ, ప్రకటన ఇచ్చి అమ్మే వాటికైనా ఆ తనిఖీ ఉండాలని 2024లో చట్టం చెయ్యలేదు. ఈ మనిషికి నెక్సస్ కార్డు వుండేది. నమ్మకస్తులైన ప్రయాణికులని రెండు దేశాలూ కలిసి ఎంచి, తనిఖీ త్వరగా ముగించి పంపడానికి ఇచ్చే కార్డు అది. దాదాపు 8,900 కిలోమీటర్ల సరిహద్దులో రాజ్యం అతని నమ్మకాన్ని కార్డుగా అచ్చు వేసి ఇచ్చింది.

లైసెన్సున్నవాళ్ళ పక్షం వాదన ఇక్కడ బలంగా కనిపిస్తుంది. టొరంటో పోలీసులు నేరాల్లో పట్టుకుని మూలం కనిపెట్టగలిగిన పిస్తోళ్ళలో అత్యధికం అమెరికావే అన్నది కూడా నిజం. దొంగ తుపాకీ ఏ ఫారానికీ దొరకదు కాబట్టి ఫారాలు దండగ అంటారు. కానీ ఈ వాదనలో దాగిన ఒక అబద్ధం వుంది. దొంగ తుపాకీ ఎవరికీ కనబడదన్నది ఆ అబద్ధం. రాజ్యానికి కనబడలేదు, నిజమే. పక్కింటి స్త్రీకి కనబడింది. అతను తన భాగస్వామిని కొట్టాడనీ, అతని దగ్గర అక్రమ ఆయుధాలున్నాయనీ తాను 2013లోనే పోలీసులకి చెప్పానని ఒక పొరుగు మహిళ తర్వాత సాక్ష్యమిచ్చింది. అతని మీద ఏ చర్యా లేదు. భయంతో ఆమే ఆ వూరు వదిలి వెళ్ళింది. అంతకుముందు 2010లో అతను తన తల్లిదండ్రుల్ని చంపుతానన్న బెదిరింపు, 2011లో ఒక పోలీసుని చంపాలనుకుంటున్నాడన్న సమాచారం కూడా పోలీసులకి చేరాయి. ఆ రాత్రి కూడా అంతే. మొదట ఫోన్ చేసిన స్త్రీ పోలీసు కారులాంటిది తన కళ్ళ ముందుందని చెప్పింది, కాసేపటికే చనిపోయింది. అడవిలో దాక్కున్న భాగస్వామి తెల్లవారాక బయటికొచ్చి ఆ కారు గురించీ ఆయుధాల గురించీ వివరంగా చెప్పింది. ప్రజలకి ఆ సంగతి చెప్పింది పొద్దున 10 గంటల 17 నిమిషాలకి.

ఆమె మీద తర్వాత కేసు పెట్టారు. అతనికి తూటాలు అందించిందని 2020 డిసెంబరులో ఆమె మీద, ఆమె సోదరుడి మీద, బావమరిది వరస మనిషి మీద ఆరోపణలు మోపారు. అతనేం చెయ్యబోతున్నాడో వాళ్ళకి తెలియదని పోలీసులే అన్నారు. 2022లో ఆమె కేసుని విచారణ లేకుండా పరిష్కార ప్రక్రియకి పంపి తర్వాత ఎత్తేశారు. కానీ ఆ పదిహేను నెలలు దేశం ఆమెని అడిగింది ఒకటే: నీకు తెలియదా? తెలిసినవాళ్ళు చెప్పినప్పుడు వినని వ్యవస్థ, ఇంట్లో వున్న మనిషికి తెలిసి వుండటాన్ని నేరం చేసింది. నోవా స్కోషియాలో ఏ ఇంట్లోనో తాళం వేసిన పెట్టెలో దొంగ పిస్తోలు చూసిన మరో స్త్రీ ఈ కేసు చూసి ఏం నేర్చుకుంటుంది? ఫోన్ చేస్తే ముందు నన్నే పట్టుకుంటారని.

ఈ ఘటన మీద నియమించిన కమిషన్ 2023 మార్చి 30న ఏడు సంపుటాల నివేదిక ఇచ్చింది. మూడు వేల పేజీలకి పైగా, 130 సిఫార్సులు. ప్రభుత్వ పత్రాల్లో ఇంత స్పష్టంగా స్త్రీవాద విశ్లేషణని స్వీకరించినవి అరుదు. సామూహిక హత్యలకి ముందు ఇంట్లో హింస వుంటుందనీ, దాన్ని సొంత విషయమని తీసేయడం వల్లే అది వీధిలోకి వస్తుందనీ నివేదిక నిర్మొహమాటంగా చెప్పింది. హంతకుడిని దాదాపు అంతటా 'నేరానికి పాల్పడినవాడు' అని పిలిచింది. తన పేరు కోసం చంపేవాళ్ళకి పేరు ఇవ్వకపోవడం కూడా ఒక రచనా నిర్ణయమే. 'పేల్చాడు' అన్న క్రియని అధికారికంగా రాసిన పత్రం ఇది.

అయినా నిర్మాణంలో నాకొక అభ్యంతరం వుంది. ఏం జరిగిందన్న కథనం రెండో సంపుటం. హింస ఎక్కడ పుట్టిందన్న విశ్లేషణ మూడో సంపుటం. తీరిక లేని పాఠకుడు, పాత్రికేయుడు రెండోదే చదువుతాడు. అందులో కార్లు, దారులు, నిమిషాలు వున్నాయి. ఉత్కంఠ కథలా చదివిస్తుంది. 2013లో పక్కింటి స్త్రీ మాట వినకపోవడం అన్నది నేపథ్యంగా కాక, ఏం జరిగిందో అందులోనే మొదటి అధ్యాయంగా వుండాల్సింది. అప్పుడు ఆ కథ 13 గంటల కథ కాదు, పదేళ్ళ కథ అవుతుంది.

ఇంకో చిక్కు సాక్ష్యం తీసుకున్న పద్ధతిది. ప్రాణాలతో బయటపడిన భాగస్వామి 2022 జులైలో సాక్ష్యమిచ్చింది. ఆమెని మళ్ళీ గాయపరచకూడదని, చనిపోయినవాళ్ళ కుటుంబాల న్యాయవాదుల్ని ఆమెని నేరుగా ప్రశ్నించనివ్వలేదు. కుటుంబాలు కోపగించుకున్నాయి. వాళ్ళలోనూ భార్యలున్నారు, కూతుళ్ళున్నారు, అక్కచెల్లెళ్ళున్నారు. మనం తేలిగ్గా ఒక పక్షం తీసుకోలేం. నేను కమిషన్ చేసింది సరైనదే అంటాను, కానీ ఒక షరతుతో. ఆమెకి అక్కర ఎందుకు కావాల్సి వచ్చిందో కుటుంబాలకి చెప్పాల్సిన బాధ్యత కూడా కమిషన్‌దే. ఒక స్త్రీని కాపాడటం ఇంకొక స్త్రీని బయట నిలబెట్టడంగా కనబడితే, ఆ ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టిన వాళ్ళు నిశ్చింతగా వుంటారు.

చట్టం ఏ స్త్రీని చూస్తుందన్న ప్రశ్న సరిహద్దుకి అవతల కూడా వుంది. గృహహింసలో శిక్షపడినవాడు తుపాకీ పెట్టుకోకూడదని అమెరికా 1996లో చట్టం చేసినప్పుడు, అది భార్యని, కలిసి కాపురం వున్నవాళ్ళని, బిడ్డ తల్లిని గుర్తించింది. కలిసి వుండని స్నేహితురాలిని గుర్తించలేదు. ఆ సందులోంచి ఎందరో మగవాళ్ళు తుపాకులతో బయటపడ్డారు. 2022లో గానీ దాన్ని కొంతవరకైనా పూడ్చలేదు. రక్షణ ఉత్తర్వు వున్నవాడి దగ్గర తుపాకీ వుండకూడదన్న నియమాన్ని 2024లో రహీమీ కేసులో సుప్రీం కోర్టు 8-1 తేడాతో నిలబెట్టింది. కెనడా 2023 డిసెంబరులో చేసిన సి-21 చట్టం రక్షణ ఉత్తర్వులున్నవాళ్ళకి లైసెన్సు లేకుండా చేసే నిబంధనలు తెచ్చింది. దాంతోపాటు ఎవరైనా కోర్టుకి వెళ్ళి ఫలానావాడి తుపాకుల్ని తీసేసుకోమని అడగొచ్చని కూడా పెట్టింది. పాలిటెక్నిక్ బాధితుల సంస్థ, స్త్రీల న్యాయ సంస్థలు ఈ రెండోదాన్ని విమర్శించాయి. పోలీసులు చెయ్యాల్సిన పనిని భయపడుతున్న స్త్రీ నెత్తిన పెట్టడం అది అన్నారు. నేను వాళ్ళతో ఏకీభవిస్తాను. ఆమె చెప్పడం ఒక పని. చెప్పింది విని నడుచుకోవడం ఇంకొకరి పని. చట్టం మొదటిదాన్నే పదేపదే అడుగుతోంది.

కాబట్టి లైసెన్సు తుపాకీనా దొంగ తుపాకీనా అన్న వాదనలో స్త్రీవాదులు ఏ పక్షం అని అడిగితే, ఆ ప్రశ్ననే ఒప్పుకోకూడదని నా వుద్దేశం. సరిహద్దులో తనిఖీ కావాలి, శిక్షణ కావాలి, నమోదు కావాలి. కానీ ఈ మూడింటికీ సమాచారం వచ్చేది ఇంటి లోపలినుంచి. పల్లెల్లో ఆశ్రయ గృహాలకి ఖచ్చితమైన నిధులు, భాష తెలియని వలస స్త్రీకి ఆమె భాషలో వినే మనిషి, చెప్పిన స్త్రీ మీద కేసు పెట్టబోమన్న హామీ - తుపాకుల చట్టం అంటే నా దృష్టిలో ఇవి కూడా. కమిషన్ సిఫార్సుల్లో ఇలాంటివి చాలా వున్నాయి. పత్రికలు మాత్రం ఏ రైఫిల్‌ని నిషేధించారన్న దగ్గరే ఆగిపోయాయి.

మనం ఇక్కడ చెయ్యగల పని ఒకటుంది. తెలుగు దినపత్రికల జిల్లా పేజీల్లో 'మిస్‌ఫైర్' వార్తలు ఏళ్ళ తరబడి పోగుపడి వున్నాయి. గన్‌మెన్ల ఇళ్ళలో, లైసెన్సున్న నాయకుల ఇళ్ళలో, వేటకి దాచుకున్న నాటు తుపాకుల దగ్గర జరిగినవి. వాటిని ఎవరైనా పరిశోధక విద్యార్థిని వరసగా చదవాలి. కర్త ఎవరు, ఎవరు చెప్పగా రాశారు, ఆ ఇంటి ఆడవాళ్ళ మాట ఎక్కడైనా వుందా అని ప్రతి వార్తనీ అడగాలి. వీలైతే ఆ ఇళ్ళకి వెళ్ళాలి. 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినవాళ్ళు టేప్ రికార్డరు పట్టుకుని అదే పని చేశారు. ముందుగా చూసిన మనిషిని వెతుక్కుంటూ వెళ్ళి, ఆమె చెప్పేదాకా కూర్చున్నారు.